అరకు ట్రిప్పుల వెబ్‌సైట్‌కి నెలకు ఎన్ని జీబీలు కావాలి?

ప్రశ్న: నమస్తే సార్. మాది విశాఖపట్నం, మధురవాడ. మావారు, మా తమ్ముడు కలిసి రెండు టెంపో ట్రావెలర్లు నడుపుతున్నారు. అరకు, బొర్రా గుహలు, లంబసింగి, వంజంగి ట్రిప్పులు వేస్తాం. ఇన్నాళ్లూ వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌తోనే నెట్టుకొచ్చాం. ఈ సీజన్‌కి వెబ్‌సైట్ పెట్టుకుందామని ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు వర్డ్‌ప్రెస్‌లో తయారు చేస్తున్నాడు. ఆరు పేజీలు, 80 ఫోటోల గ్యాలరీ, మూడు నిమిషాల వీడియో, రేట్ల పీడీఎఫ్ ఉంటాయి. హోస్టింగ్, అంటే సైట్ ఉంచుకునే సర్వర్ కంప్యూటర్‌లో చోటు, అమ్మే ఆయన మూడు ప్లాన్లు చెప్పాడు. నెలకు 10 జీబీ బ్యాండ్‌విడ్త్ అయితే ఏడాదికి 1,200 రూపాయలు, 100 జీబీ అయితే 3,000, అన్‌లిమిటెడ్ అయితే 5,500. "10 జీబీతో సీజన్‌లో సైట్ పడిపోతుంది మేడమ్, అన్‌లిమిటెడ్ తీసుకోండి, టెన్షన్ ఉండదు" అంటున్నాడు. మేనల్లుడేమో 10 చాలంటాడు. సీజన్‌లో శని, ఆదివారాలు రోజుకు 30 దాకా ఎంక్వైరీలు వస్తాయి, మిగతా రోజుల్లో పది. వేసవి, వానాకాలాల్లో ఐదు వస్తే గొప్ప. మాకు నిజంగా ఎంత కావాలి? గూగుల్ డేటా సెంటర్ మన ఊరికే వస్తోంది కదా, అప్పటిదాకా ఆగితే హోస్టింగ్ చవకవుతుందా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

సమాధానం: మీ మేనల్లుడి మాట నిజం కావచ్చు, అమ్మే ఆయన మాటా నిజం కావచ్చు. ఎవరిది నిజమో తేల్చేవి మీ గ్యాలరీలోని ఆ 80 ఫోటోలు. వాటిని సరిగ్గా పెడితే సీజన్‌లో కూడా 30 జీబీ దాటదు. ఫోన్‌లో ఉన్నవి ఉన్నట్టు ఎక్కిస్తే 100 జీబీ కూడా వారానికి రాదు. అందుకే ప్లాన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ సైట్ బరువు చూద్దాం.

ఆ ప్లాన్లలో రాసిన జీబీలు అంటే, చూసేవాళ్ల ఫోన్లకి మీ సైట్ నుంచి నెల మొత్తంలో వెళ్లే డేటా. సైట్ ఫైళ్లు దాచుకునే డిస్క్ స్పేస్ అది కాదు. ఇంట్లో ఫైబర్ కనెక్షన్‌కి చెప్పే ఎంబీపీఎస్ వేగం కూడా కాదు. ఇంటికి 100 ఎంబీపీఎస్ నెట్ ఉంది కదా, సైట్‌కీ 100 సరిపోతుందనుకుని ప్లాన్ కొన్నవాళ్లు ఉన్నారు. ఆ 100కీ ఈ 100కీ చుట్టరికం లేదు.

లెక్క చాలా సులువు. నెలకు ఎంతమంది వస్తారు, వచ్చిన మనిషి చూసే పేజీలన్నీ కలిపి ఎన్ని ఎంబీలు, ఈ రెండింటినీ గుణించాలి. వచ్చినదానికి కొంత అదనం కలుపుకోవాలి. అంతే. మనుషుల సంఖ్య మన చేతిలో లేదు, దాన్ని అంచనా వేసుకోవడమే. ఎంబీలు మాత్రం పూర్తిగా మన చేతిలో ఉన్నవి. చాలామంది మొదటిదాని గురించి బెంగపడి రెండోదాన్ని గాలికొదిలేస్తారు.

కాబట్టి ఫోటోల దగ్గరే కాసేపు కూర్చుందాం. ఈ రోజుల్లో మామూలు ఫోన్‌తో తీసిన 12 మెగాపిక్సెల్ ఫోటో 4,000 పిక్సెళ్ల వెడల్పు, 3,000 ఎత్తు ఉంటుంది. సైజు 3 నుంచి 5 ఎంబీ. 4 అనుకుందాం. అలాంటివి 80 అంటే 320 ఎంబీ. మీ గ్యాలరీ పేజీని ఒక్క మనిషి ఒక్కసారి కిందిదాకా చూస్తే మీ ఖాతాలోంచి 320 ఎంబీ ఖర్చు. 10 జీబీ ప్లాన్ అయితే 31 మంది చూసేసరికి ఖాళీ. రోజుకు 60 మంది చూస్తే 19 జీబీ, అంటే 100 జీబీ ప్లాన్ ఆరో రోజుకి అయిపోతుంది. మూడు వందల ఎంబీలు దిగేదాకా ఎవరూ కాచుకు కూర్చోరు, మధ్యలోనే పేజీ మూసేస్తారు, నిజమే. కానీ అప్పటిదాకా వెళ్లిన డేటా మీ లెక్కలో పడిపోయినట్టే, పైగా ఆ కస్టమరూ పోయినట్టే.

వర్డ్‌ప్రెస్ కొంత మేలు చేస్తుంది. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి, 2,560 పిక్సెళ్లకు మించిన ఫోటో ఎక్కిస్తే తనే ఆ కొలతకు కుదించి వాడుతుంది. మీవాడు గ్యాలరీలో 'ఫుల్ సైజ్' అని ఎంచినా, వెళ్లేది ఆ కుదించిన ఫోటోనే. అయినా అది ఒక్కోటి ముప్పావు ఎంబీ నుంచి ఒక ఎంబీ దాకా ఉంటుంది. సగటున 800 కేబీ వేసుకున్నా 80 ఫోటోలకు 64 ఎంబీ. రోజుకు 60 మంది చూస్తే నెలకు 115 జీబీ. చూశారా, వర్డ్‌ప్రెస్ కుదించి ఇచ్చినా, 'ఫుల్ సైజ్' ఫోటోలే పంపితే మీ 100 జీబీ ప్లాన్ చాలలేదు. అమ్మే ఆయన అన్‌లిమిటెడ్ అనడానికి ఇలాంటి సైట్లు చాలానే చూసి ఉంటాడు.

ఇప్పుడు ఇదే గ్యాలరీని ఇంకోలా పెడదాం. పేజీలో కనిపించేవి 300 పిక్సెళ్ల చిన్న బొమ్మలు, ఒక్కోటి 20 కేబీ. వేలితో నొక్కితేనే 1,200 పిక్సెళ్ల పెద్ద ఫోటో తెరుచుకుంటుంది, అది 150 కేబీ. ఫోన్ స్క్రీన్ మీద 1,200 పిక్సెళ్లకి మించి తేడా తెలియదు, నా మాట నమ్మండి. ఇంకో పని, 80ని 30 చేయండి. చాపరాయి దగ్గర అదే బండ మీద, అదే గుంపుతో, కొంచెం కొంచెం తేడాగా తీసిన పన్నెండు ఫోటోలు మీ దగ్గరా ఉండే ఉంటాయి. ఒకటి చాలు. వలిసె పూల తోటలో ఒకటి, బొర్రా గుహల లోపల ఒకటి, వంజంగి మేఘాలవి రెండు, మీ బండి లోపల సీట్లు కనిపించేలా మూడు. ఆ సీట్ల ఫోటోలు తప్పకుండా పెట్టండి. అరకు ఎలా ఉంటుందో అందరూ చూసే ఉన్నారు, మీ బండి ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. 30 చిన్న బొమ్మలు కలిపి 600 కేబీ, చూసేవాళ్లు ఓ ఐదు నొక్కి పెద్దవి చేసుకుంటే 750 కేబీ. మొత్తం 1.35 ఎంబీ. 320 ఎక్కడ, 1.35 ఎక్కడ!

కుదించడానికి ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. గూగుల్ వాళ్ల స్క్వూష్ అనే పేజీ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఫోటో అందులో వేసి, వెడల్పు 1,200 అని ఇచ్చి, వెబ్‌పీ రకంలో సేవ్ చేసుకోవడమే. అదే నాణ్యతకు జేపెగ్ కంటే వెబ్‌పీ 25 నుంచి 34 శాతం దాకా చిన్నదిగా వస్తుందని గూగుల్ లెక్క. వర్డ్‌ప్రెస్ 2021 నుంచి ఈ రకాన్ని నేరుగా తీసుకుంటోంది. మీవాడికి ఒక్కొక్కటీ చేసే ఓపిక లేకపోతే, ఫోటోలు వాట్సాప్‌లో హెచ్‌డీ నొక్కకుండా మామూలుగా పంపించుకోమనండి. వాట్సాప్ తనే నొక్కేసి మూడు నాలుగు వందల కేబీ లోపుకి తెచ్చేస్తుంది. ఇది నాజూకైన పద్ధతి కాదు, చీకటిగా ఉన్న బొర్రా ఫోటోలు కాస్త మట్టికొట్టుకుపోతాయి. కానీ పని జరుగుతుంది.

సైట్ కాస్త తయారయ్యాక బరువు చూడటం ఇలా. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, సైట్ పేజీలో ఎఫ్12 నొక్కండి. నెట్‌వర్క్ అనే ట్యాబ్‌లోకి వెళ్లి, 'డిజేబుల్ క్యాష్' దగ్గర టిక్ పెట్టి, పేజీని మళ్లీ లోడ్ చేయండి. పేజీని కిందిదాకా జరపండి. అట్టడుగున 'ట్రాన్స్‌ఫర్డ్' అని ఒక అంకె కనిపిస్తుంది, అదే ఒక కొత్త మనిషి వచ్చి వెళ్తే ఖర్చయ్యేది. ఫిల్టర్ గడిలో మీ సైట్ పేరు కొడితే మీ సర్వర్ నుంచి వచ్చినవే మిగులుతాయి. గూగుల్ మ్యాప్, గూగుల్ ఫాంట్లు, యూట్యూబ్ లాంటివి వాళ్ల సర్వర్ల నుంచి వస్తాయి, మీ ప్లాన్‌కి సంబంధం లేదు. తర్వాత ఆ టిక్ తీసేసి ఇంకో పేజీ తెరవండి. అంకె బాగా తగ్గుతుంది. లోగో, డిజైన్ ఫైళ్లు మొదటిసారే బ్రౌజర్ దాచుకుంది కాబట్టి మళ్లీ పంపనక్కర్లేదు. ప్రపంచవ్యాప్తంగా వెబ్‌సైట్ల బరువు లెక్కకట్టే హెచ్‌టీటీపీ ఆర్కైవ్ ప్రకారం, మధ్యరకం పేజీ బరువు 2 ఎంబీ దాటిపోయింది. మీ మొదటి పేజీని ఒక ఎంబీ లోపు ఉంచమని మీవాడికి చెప్పండి. ఆరు పేజీల సైట్‌కి అది కష్టమేం కాదు. మొదటి పేజీలో ఒకదాని తర్వాత ఒకటి జరిగే పెద్ద పెద్ద ఫోటోల స్లైడర్ పెట్టకపోతే సగం పని అయిపోయినట్టే.

బరువు ఇలా వేసుకుందాం. మొదటి పేజీ ఒక ఎంబీ. ఆ తర్వాత చూసే రెండు పేజీలు, ట్రిప్పుల వివరాలు, ఫోన్ నంబరు, ఒక్కోటి 300 కేబీ. ముగ్గురిలో ఒకరు గ్యాలరీ తెరుస్తారనుకుంటే దాని వాటా మనిషికి 450 కేబీ. అన్నీ కలిపితే 2 ఎంబీ. ఒక మనిషి వచ్చి వెళ్తే 2 ఎంబీ అని గుర్తుపెట్టుకోండి.

ఇక మనుషులు. ఇంకా పుట్టని సైట్‌కి ఎంతమంది వస్తారని ఎవరు చెప్పగలరు? కానీ మీ దగ్గర ఎంక్వైరీల లెక్క ఉంది, అది చాలా మేలు. సైట్ చూసిన ఇరవై మందిలో ఒకరు ఫోన్ చేస్తారనుకుందాం. ఇది నా అంచనా మాత్రమే, మీ దగ్గర ఇది పదికి ఒకరు కావచ్చు, యాభైకి ఒకరు కావచ్చు. ఆ లెక్కన 30 ఎంక్వైరీల రోజున 600 మంది, పది ఎంక్వైరీల రోజున 200 మంది. డిసెంబరులో శని, ఆదివారాలు తొమ్మిది వేసుకుంటే 5,400, మిగతా 22 రోజులకు 4,400. మొత్తం పదివేలకు కాస్త తక్కువ. పదివేల మంది, మనిషికి 2 ఎంబీ, అంటే 20 జీబీ.

దీనికి మనుషులు కానివాళ్లను కలపాలి. గూగుల్, బింగ్ లాంటి సెర్చ్ ఇంజిన్ల బాట్లు, అంటే వాటంతట అవే సైట్లు తిరిగే ప్రోగ్రామ్‌లు, మీ పేజీలు చదువుకుని పోతుంటాయి. ఈ మధ్య ఏఐ కంపెనీల బాట్లూ తోడయ్యాయి. ఇవి వచ్చినవాళ్లను లెక్కపెట్టడానికి సైట్‌లో పెట్టుకునే గూగుల్ అనలిటిక్స్‌లో కనిపించవు, సర్వర్ లెక్కలో మాత్రం పడతాయి. అనలిటిక్స్‌లో వంద మందే ఉన్నారు, బ్యాండ్‌విడ్త్ ఇంత అయిందేంటని చాలామంది తలపట్టుకునేది ఇందుకే. వీటికోసం సగం అదనం వేద్దాం. 20 కాస్తా 30 జీబీ అయింది. గూగుల్ బాట్‌ని మాత్రం ఆపొద్దు. అది రాకపోతే 'వైజాగ్ టు అరకు టెంపో' అని వెతికేవాళ్లకి మీరు కనిపించరు.

అదే జూన్‌లో చూస్తే రోజుకు ఐదు ఎంక్వైరీలు, వంద మంది, నెలకు మూడు వేలు, 6 జీబీ. బాట్లతో 9. అంటే జూన్‌లో మీ మేనల్లుడే కరెక్ట్, డిసెంబరులో కాదు. మీలాంటి సీజన్ వ్యాపారానికి ఏడాది సగటు తీస్తే మోసపోతాం. ప్లాన్ ఎప్పుడూ గట్టి నెలకు సరిపోవాలి. దసరా సెలవుల్లో కోల్‌కతా వైపు నుంచి కుటుంబాలు దిగుతాయి, కార్తీకమాసంలో పిక్నిక్‌లు, ఆ తర్వాత క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి. మీ నాలుగు నెలలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి కదా.

ఆ వీడియో సంగతి. మూడు నిమిషాల హెచ్‌డీ వీడియో సెకనుకు ఒక ఎంబీ చొప్పున వేసుకున్నా 180 ఎంబీ. దాన్ని నేరుగా సైట్‌లోకి ఎక్కించి, పేజీ తెరవగానే ఆడేలా పెడితే, రోజుకు వంద మంది చూసినా 18 జీబీ. మనం పొదుపు చేసిందంతా అందులో కొట్టుకుపోతుంది. వీడియో యూట్యూబ్‌లో పెట్టండి, ఖర్చు వాళ్లది. సైట్‌లో మాత్రం ఒక బొమ్మ పెట్టి, నొక్కితే యూట్యూబ్‌కి వెళ్లేలా చేయండి. యూట్యూబ్ పెట్టెను పేజీలోనే అతికిస్తే మీ జీబీలు ఖర్చు కావు గానీ చూసేవాళ్ల ఫోన్‌కి బరువే.

రేట్ల పీడీఎఫ్ వద్దు. డిజైనర్ తయారు చేసిచ్చిన రేట్ల కార్డు ఒక్కోసారి పది పన్నెండు ఎంబీ ఉంటుంది, అందులో ఉండేది ఎనిమిది వరసల సమాచారం. పేజీలో మామూలు అక్షరాలుగా రాస్తే నాలుగైదు కేబీ. డీజిల్ రేటు మారినప్పుడు మార్చుకోవడమూ సులువు. హోస్టింగ్‌తో వచ్చే మెయిల్ వాడితే ఆ అటాచ్‌మెంట్లు కూడా చాలాచోట్ల ఇదే లెక్కలో పడతాయి, జీమెయిల్ ఉంచుకోండి.

ఇంకో సంగతి మీ లైన్‌లో ఎక్కువ. మన ఊళ్లో టూర్లు వేసేవాళ్లందరి దగ్గరా అవే అరకు ఫోటోలు తిరుగుతుంటాయి. ఎవరైనా మీ ఫోటోని డౌన్‌లోడ్ చేసుకోకుండా నేరుగా మీ సైట్ లింక్‌తోనే వాళ్ల పేజీలో పెట్టుకుంటే, వాళ్ల కస్టమర్లు చూసిన ప్రతిసారీ డేటా మీది ఖర్చవుతుంది. హోస్టింగ్ సెట్టింగులు చూసుకునే సీప్యానెల్‌లో హాట్‌లింక్ ప్రొటెక్షన్ అని ఉంటుంది, ఆన్ చేయించండి.

ఇప్పుడు 'సైట్ పడిపోతుంది' అన్న మాట. ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. నెల కోటా అయిపోతే సైట్ బదులు '509, బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఎక్సీడెడ్' అనే పేజీ వస్తుంది, లేదా కంపెనీని బట్టి అదనపు బిల్లు వస్తుంది. ఇది ఒకటి. ఒకేసారి ఎక్కువమంది వచ్చి సర్వర్ ఊపిరాడక ఆగిపోవడం ఇంకొకటి. మీ రీల్ ఒకటి బాగా తిరిగి గంటలో 500 మంది వచ్చారనుకోండి. 500 మందికి 2 ఎంబీ చొప్పున ఒక జీబీ. గంటలో ఒక జీబీ అంటే సెకనుకు రెండు మెగాబిట్లకు కాస్త ఎక్కువ, మీ ఇంటి ఫైబర్ కనెక్షనే మోసేస్తుంది. డేటా దగ్గర ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఎవరు వచ్చినా వర్డ్‌ప్రెస్ ఆ పేజీని అప్పటికప్పుడు డేటాబేస్‌లోంచి తీసి వండి వడ్డిస్తుంది. చవక ప్లాన్లలో ఒకేసారి ఇన్ని పనులే అని ప్రాసెసర్‌కి, మెమరీకి పరిమితి ఉంటుంది. అది దాటితే సైట్ ఆగుతుంది. అన్‌లిమిటెడ్ బ్యాండ్‌విడ్త్ కొన్నా ఈ పరిమితి అలాగే ఉండవచ్చు. దీనికి మందు ఒక క్యాషింగ్ ప్లగిన్. ఒకసారి తయారైన పేజీని దాచి, వచ్చినవాళ్లకల్లా అదే ఇస్తుంది. ఉచితంగా దొరుకుతుంది. మీవాడికి తెలిసే ఉంటుంది, పెట్టాడో లేదో అడగండి.

అన్‌లిమిటెడ్ అనే మాట విన్నప్పుడు నాకు గాజువాక షేర్ ఆటోవాడు 'ఇంకొక్కరికి చోటుంది, ఎక్కండి' అనడమే గుర్తొస్తుంది. ఎక్కనిస్తాడు, కాలు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పడు. హోస్టింగ్‌వాళ్లు ఒకే సర్వర్ మీద బోలెడు సైట్లు పెడతారు, చాలా సైట్లు రోజుకి పది మంది కూడా రానివి కాబట్టి అన్‌లిమిటెడ్ అనడం వాళ్లకి గిట్టుబాటు. ఎవరైనా నిజంగానే ఎక్కువ వాడితే ఆపడానికి షరతుల్లో 'ఫెయిర్ యూసేజ్', అంటే హద్దుల్లోనే వాడాలనే పేరా ఒకటి ఉంటుంది. హోస్టింగ్ అమ్మే ఆయన్ని బ్యాండ్‌విడ్త్ గురించి అడగొద్దు. సీపీయూ, అంటే ప్రాసెసర్ ఎంత, మెమరీ ఎంత, ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు, ఫైళ్ల సంఖ్యకి పరిమితి ఎంత అని అడగండి. మూడు ప్లాన్లలోనూ ఈ అంకెలు ఒకటే అయితే 5,500 ఇవ్వడంలో అర్థం లేదు.

మరి ఏది తీసుకోవాలి? అన్‌లిమిటెడ్ వద్దు. మధ్యలో 40, 50 జీబీ ప్లాన్ ఏమైనా ఉందేమో ఒకసారి అడగండి, ఉంటే అదే సరిపోతుంది. లేకపోతే రెండు దారులు. ఏడాది మధ్యలో 10 నుంచి 100కి మారొచ్చా, మారితే మిగిలిన నెలల తేడా మాత్రమే కట్టించుకుంటారా అని అడగండి. అవునంటే ఇప్పుడు 10 తీసుకోండి. కొత్త సైట్‌ని గూగుల్ పైకి తేవడానికి టైమ్ పడుతుంది కాబట్టి, మొదట్లో వచ్చేది మీ ఇన్‌స్టాగ్రామ్ లింక్ నొక్కినవాళ్లే. పైన చెప్పిన పదివేల మంది మొదటి ఏడాదే రాకపోవచ్చు. దసరాకి ముందు లెక్క చూసుకుని మారొచ్చు. మధ్యలో మారడం కుదరదు, కొత్తగా కొనాల్సిందే అంటే 100 జీబీ తీసేసుకోండి. తేడా నెలకు 150 రూపాయలు. డిసెంబరు ఆఖరి వారంలో సైట్ ఆగిపోయి ఒక్క కుటుంబం బుకింగ్ చేజారినా పోయేది అంతకంటే ఎక్కువ. ఆ రేట్ల మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుందా, రెండో ఏడు రెన్యువల్ ఎంత, కోటా 80 శాతం దాటగానే మెయిల్ వస్తుందా, దాటితే సైట్ ఆపుతారా బిల్లు వేస్తారా, ఇవి నాలుగూ మాటల్లో కాకుండా మెయిల్‌లో రాయించుకోండి. మొదటి ఏడాది రేటు చూసి చేరి, రెన్యువల్ బిల్లు చూసి గుండె పట్టుకునేవాళ్లే ఎక్కువ.

గూగుల్ డేటా సెంటర్ కోసం ఆగకండి. 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెట్టి విశాఖలో కట్టబోయే ఏఐ హబ్. ఊరికి మంచిదే. కానీ ఆరు పేజీల సైట్‌కి హోస్టింగ్ రేటు తేలేది అక్కడ కాదు. సర్వర్ పక్క వీధిలో ఉండక్కర్లేదు, దేశంలో ఉంటే చాలు. అమెరికా సర్వర్ అయితే ఫోన్‌లో నొక్కిన ప్రతిసారీ కబురు సముద్రాలు దాటి వెళ్లి రావాలి, పేజీ కాస్త నిదానంగా తెరుచుకుంటుంది. ముంబైలో సర్వర్ ఉన్న ప్లాన్ అడగండి, చాలా కంపెనీలు అదే రేటుకి ఇస్తాయి. నన్నడిగితే సర్వర్ మన ఊళ్లో లేకపోవడమే ఒక విధంగా మేలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇక్కడ కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, రోజుల తరబడి. అలాంటప్పుడు హైదరాబాద్‌లో బుక్ చేసుకుని కూర్చున్నవాళ్లకి 'ట్రిప్ వాయిదా పడింది' అన్న ఒక్క ముక్క చెప్పడానికి సైట్ బతికి ఉండాలి. తుపానుల నెలలూ మీ సీజన్ నెలలూ ఇంచుమించు ఒకటే కాబట్టి, 'ఈ రోజు ట్రిప్ ఉందా' అనే పేజీ ఒకటి వేరుగా పెట్టమనండి. ఫోటోలు లేకుండా, నాలుగు లైన్లతో. అనంతగిరి ఘాట్‌లో సిగ్నల్ ఒక్క గీత ఉన్నా తెరుచుకుంటుంది.

సైట్ మొదలైన మూడు నెలలకి నా అంచనాలన్నీ పక్కన పెట్టేయొచ్చు. సీప్యానెల్‌లో మెట్రిక్స్ కింద బ్యాండ్‌విడ్త్ అని ఉంటుంది, ఏ రోజు ఎంత పోయిందో గీతలతో చూపిస్తుంది. దాని పక్కనే ఉండే ఏడబ్ల్యూస్టాట్స్‌లో మనుషులెంత, బాట్లెంత, ఏ రకం ఫైళ్లు ఎక్కువ తింటున్నాయో తెలుస్తుంది. చాలాసార్లు ఫోటోలే కోటా తినేస్తూ దొరికిపోతాయి. డిసెంబరు లెక్క చేతికొచ్చాక ఆ అంకెలు నాకు రాసి పంపండి, ప్లాన్ తగ్గించొచ్చో పెంచాలో అప్పుడు చూద్దాం. ఈలోగా ఆ 80 ఫోటోల్లోంచి 30 ఏరే పని మీవారికి, తమ్ముడికి కాకుండా మీరే పెట్టుకోండమ్మా. తీసినవాళ్లకి ఏదీ తీసేయబుద్ధి కాదు.